పదమూడేళ్ల పిల్లలతో ఢిల్లీ వెళ్తున్నారా? సోమవారం సంగతి ముందు చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గర పడుతుంటే పత్రికల్లో విహారయాత్రల పేజీలు వస్తాయి. అందులో ఢిల్లీకి తప్పకుండా చోటుంటుంది. మూడు రోజులు, ఇరవై ప్రదేశాలు అన్న లెక్కన ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టిక పట్టుకుని బయల్దేరే కుటుంబాల్లో చాలామందికి ఏడు నుంచి పదో తరగతి మధ్య చదివే పిల్లలుంటారు. చంటిపిల్లలైతే ఎత్తుకుని తిప్పుతాం, పెద్దవాళ్లు ఓర్చుకుంటారు. ఈ మధ్య వయసు వాళ్లతో ఆ రెండూ కుదరవు. రెండో రోజు మధ్యాహ్నానికల్లా ఫోన్‌లో తల దూర్చేసి, "మీరు చూసి రండి, నేనిక్కడే కూర్చుంటా" అంటారు. అప్పుడు పిల్లల మీద కోప్పడటం అన్యాయం. వాళ్ల కాళ్లు, నిద్ర, ఇష్టం ఏవీ లెక్కలోకి తీసుకోకుండా వేసిన ప్రణాళిక అది. ఊరు కాని ఊళ్లో, అంత ఖర్చు పెట్టుకుని, తల్లిదండ్రులూ పిల్లలూ మొహాలు ముడుచుకుని తిరగడం చూస్తే బాధ కలుగుతుంది. కాస్త ముందు కూర్చుని ఆలోచిస్తే తప్పించుకోగలిగిన బాధే ఇది. అందుకే ఈ ఉత్తరం.

ముందు వయసు సంగతి. పదమూడేళ్ల పిల్లలు ఒక్కో కౌంటర్ దగ్గర ఒక్కో లెక్కలోకి వస్తారు. రైల్లో 12 ఏళ్లు నిండితే పూర్తి టికెట్టే. 5 నుంచి 12 లోపు వాళ్లకు బెర్తు అక్కర్లేదంటే సగం ఛార్జీ, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. హోటళ్లలో చాలావరకు 12 దాటినవాళ్లను అదనపు మనిషిగానే లెక్కేస్తారు. "ఇద్దరు పెద్దలు, ఒక చిన్నారి" అని ఆన్‌లైన్‌లో నొక్కేసి వెళ్తే, మీసాలొస్తున్న కుర్రాణ్ని చూసి రిసెప్షన్‌లో అదనపు పరుపుకు డబ్బు అడుగుతారు. అర్ధరాత్రి దిగి ఆ వాదన పెట్టుకునేకన్నా బుక్ చేసేటప్పుడే అసలు వయసు వేసి, అదనపు పరుపు ఎంతో రాతలో తీసుకోవడం మంచిది. పురావస్తు శాఖ కట్టడాల దగ్గర మాత్రం లెక్క వేరు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, ఎర్రకోట, ఆగ్రాలో తాజ్‌మహల్, ఆగ్రా కోట, అన్నిచోట్లా 15 ఏళ్ల లోపు వారికి ప్రవేశం ఉచితం. పద్నాలుగేళ్లకే తండ్రి ఎత్తు వచ్చేసిన పిల్లలుంటారు కాబట్టి ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. ఇక ఢిల్లీ మెట్రో వయసు అడగదు, ఎత్తు చూస్తుంది. 90 సెంటీమీటర్ల లోపు వాళ్లకే ఉచితం, అంటే మన పిల్లలందరికీ టికెట్ ఉండాల్సిందే. మెట్రోలో ఎంత దూరం వెళ్లినా మామూలు లైన్లలో 64 రూపాయలు దాటదు, ఎయిర్‌పోర్ట్ లైన్ ఛార్జీలు వేరు. స్మార్ట్ కార్డు తీసుకుంటే 10 శాతం తగ్గింపు ఉంది కానీ ఒక కార్డు మీద ఇద్దరు లోపలికి వెళ్లలేరు. ఎవరి కార్డు వాళ్లకే ఉండాలి.

ఏ సెలవులకు వెళ్లాలన్నది తర్వాతి ప్రశ్న. వేసవి సెలవుల్లో ఢిల్లీ వద్దు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో ఎర్రరాతి కట్టడాల మధ్య పిల్లల్ని నడిపించడం ప్రమాదం. సంక్రాంతికి వెళ్తే పొగమంచు. రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, తెల్లవారుజాము విమానాలు రద్దవుతుంటాయి. పైగా రిపబ్లిక్ డే రిహార్సల్స్ కోసం ఇండియా గేట్ పరిసరాల్లో దారులు మూసేస్తుంటారు. మిగిలింది దసరా. అది సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో వచ్చిన ఏడాది వాతావరణం బాగుంటుంది. అక్టోబరు మూడో వారం దాటాక వస్తే గాలి పాడవడం మొదలవుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఆ ఏడాది మరో ఊరు చూసుకోవడమే మంచిది. ఇంకొకటి, నవరాత్రి సాయంత్రాల్లో ఎర్రకోట మైదానాల్లో రామ్‌లీలాలు జరుగుతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ ఇసుకేస్తే రాలనంత జనం. అందుకని కోట ఉదయం చూసేయాలి. విజయదశమి సాయంత్రం మాత్రం ఎక్కడికీ ప్రయాణం పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఢిల్లీలో పిల్లలు ఇష్టపడే చోట్లు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి. ఎర్రకోట, అక్షర్‌ధామ్, నేషనల్ మ్యూజియం, రైల్ మ్యూజియం, తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రుల మ్యూజియం, లోటస్ టెంపుల్, అన్నిటికీ సెలవు సోమవారమే. తాజ్‌మహల్‌కు సెలవు శుక్రవారం. చాందినీ చౌక్‌లో దుకాణాలకు ఆదివారం. ఈ మూడు సెలవు రోజులూ కాగితం మీద రాసుకోకుండా వేసిన ప్రణాళికలో కనీసం ఒక రోజు వృథా అవుతుంది. మూసిన గేటు ముందు నిలబడ్డాక "పోనీ అక్కడికి పోదాం, ఇక్కడికి పోదాం" అంటూ ఆటోలు మార్చడంలోనే పిల్లల ఓపిక మొత్తం అయిపోతుంది.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. సోమవారాన్ని ఆగ్రాకు కేటాయించండి. హజ్రత్ నిజాముద్దీన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఉదయం 8.10కి బయల్దేరి 9.50కి ఆగ్రా కంటోన్మెంట్ చేరుతుంది. సాయంత్రం 5.50కి అక్కడ ఎక్కితే ఏడున్నరకు మళ్లీ ఢిల్లీ. తాజ్ మూసి ఉండే శుక్రవారం ఈ రైలు కూడా నడవదు. తాజ్ టికెట్ భారతీయులకు 50 రూపాయలు, సమాధి ఉన్న ప్రధాన కట్టడం ఎక్కాలంటే మరో 200. టికెట్ మూడు గంటలకే చెల్లుతుంది కాబట్టి బయట లైన్లో నిలబడేకన్నా ఫోన్‌లో ముందే కొనుక్కోవాలి. తినుబండారాలు లోపలికి రానివ్వరు. పిల్లలకు స్టేషన్లోనే కడుపునిండా టిఫిన్ పెట్టించి, నీళ్ల సీసా ఒకటి పట్టుకెళ్తే చాలు. తాజ్, ఆగ్రా కోట, ఈ రెండే చూడండి. ఫతేపూర్ సిక్రీ కూడా కలుపుదామంటే సాయంత్రం రైలు తప్పిపోతుంది.

హైదరాబాద్ వాళ్లకు ఈ లెక్క చక్కగా కుదురుతుంది. శనివారం ఉదయం నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆదివారం ఉదయం న్యూఢిల్లీలో దిగుతారు. హోటల్ గది సాధారణంగా మధ్యాహ్నం 12 తర్వాతే ఇస్తారు. సామాను హోటల్లో పడేసి, మొహాలు కడుక్కుని, మెట్రోలో ఢిల్లీ గేట్ స్టేషన్‌కు వెళ్తే దగ్గర్లోనే మహిళా హాట్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారు ఉంటుంది. దరియాగంజ్ ఫుట్‌పాత్‌ల మీద జరిగే బజారే 2019లో అక్కడికి మారింది. కిలోల లెక్కన తూచి అమ్మే పుస్తకాలు కూడా ఉంటాయి. చదివే అలవాటున్న పిల్లలకు ఒక సంచి, 300 రూపాయలు ఇచ్చి వదిలేస్తే రెండు గంటలు పలకరు. ఆ రోజుకు అంతే చాలు. రైల్లో సరిగా నిద్రపోని పిల్లలు సాయంత్రం నాలుగింటికే తూగుతారు.

నిద్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 13 దాటిన పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. పది గంటలకు పడుకోమన్నా వాళ్లకు నిద్ర పట్టదు, అయిదింటికి లేపితే లేవలేరు. అది బద్ధకం కాదు. కాబట్టి పొద్దున్నే బయల్దేరడం ఆగ్రా రోజు ఒక్కటే ఉంచి, మిగతా రోజుల్లో తొమ్మిదిన్నర, పదింటికి గది వదిలేలా చూసుకోవాలి. ఉదయం ఒక చోటు, మధ్యాహ్నం గదికొచ్చి రెండు గంటల విశ్రాంతి, సాయంత్రం ఇంకో చోటు. రోజుకు రెండు. మూడోది పెట్టారంటే మూడూ చెడతాయి.

ఆ లెక్కన మంగళవారం ఎర్రకోట. మెట్రో వయొలెట్ లైన్లో లాల్ కిలా స్టేషన్లో దిగితే కోట ఎదురుగానే ఉంటుంది. పిల్లలు దీవాన్-ఏ-ఆమ్ అనే దర్బారు మండపం దగ్గర అయిదు నిమిషాలకు మించి నిలబడరు గానీ, బ్రిటిష్ బ్యారక్‌లలో పెట్టిన 1857 మ్యూజియం, నేతాజీ, ఆజాద్ హింద్ ఫౌజ్ మ్యూజియం దగ్గర ఆగుతారు. సాంఘిక శాస్త్రం పుస్తకంలో చదివిన పేర్లే కదా. ముందు అటు తీసుకెళ్లి, తర్వాత మహళ్లు చూపించాలి.

బుధవారం తీన్‌మూర్తి. 2022లో తెరిచిన ప్రధానమంత్రుల మ్యూజియంలో తాకి చూసే తెరలు, శబ్ద దృశ్య ప్రదర్శనలు చాలా ఉన్నాయి. పీవీ నరసింహారావు గారి గది దగ్గర మన పిల్లలు కాసేపు ఆగాలి. 1991లో దేశం బంగారం తాకట్టు పెట్టాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందో అక్కడ నిలబడి చెప్తే వింటారు. మధ్యాహ్నం భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్. టోకెన్ తీసుకుని పిలిచేదాకా ఆగాలి, ఆదివారమైతే బిర్యానీ కోసం వచ్చే జనంతో ఇంకా ఆలస్యం. నాలుగు రోజులు రొట్టెలు తిన్న పిల్లలకు పప్పు, పచ్చడి, పెరుగన్నం పడితే మర్నాటికి మనుషులవుతారు. సాయంత్రం చల్లబడ్డాక ఇండియా గేట్, దాని వెనకే 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం. అక్కడ పలకల మీద చెక్కిన పేర్లలో తెలుగు పేర్లు వెతకమనండి. ప్రవేశానికి డబ్బు లేదు.

గురువారం పూర్తిగా పిల్లలది. అంటే మాటవరసకు కాదు. ఆ రోజు ఎక్కడికి వెళ్లాలో, ఏ లైన్లో వెళ్లాలో, ఎక్కడ తినాలో వాళ్లే వేయాలి. ఇది ఊరెళ్లాక చేసే పని కాదు, ఇంట్లో ఉండగానే చేయాలి. మెట్రో మ్యాప్ ఒకటి ఇచ్చి, నోట్‌బుక్‌లో ఆరు గళ్లు గీయించండి: చోటు పేరు, వారపు సెలవు, తెరిచే వేళ, దగ్గరి స్టేషన్, అక్కణ్నుంచి నడకా ఆటోనా, ఎంతసేపు పడుతుంది. అయిదో గడి ముఖ్యం. కుతుబ్ మినార్ పేరుతో స్టేషన్ ఉంది కానీ దిగాక ఆటో కావాలి. హుమాయూన్ సమాధికి కూడా దగ్గరి స్టేషన్లో దిగాక ఆటో కావాలి. పేరు చూసి నడుద్దామనుకుంటే ఎండలో కాళ్లు పడిపోతాయి. ఖర్చు పరిమితి చెప్పండి, మిగిలితే వాళ్లదే అనండి. రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలు చాణక్యపురిలోని రైల్ మ్యూజియం ఎంచుకుంటారు. పటియాలా సంస్థానంలో ఒంటి పట్టా మీద నడిచిన ఆవిరి రైలు అక్కడుంది. సైన్సు ఇష్టమైతే ప్రగతి మైదాన్ పక్కన నేషనల్ సైన్స్ సెంటర్. ఇది హోలీ, దీపావళి తప్ప అన్ని రోజులూ తెరిచే ఉంటుంది కాబట్టి ఏ కార్యక్రమం దెబ్బతిన్నా ఆదుకుంటుంది. కొందరు ఏమీ చూడం, కన్నాట్ ప్లేస్‌లో తిరిగి షాపింగ్ చేస్తాం అంటారు. సరే అనండి. పక్కనే జంతర్ మంతర్ ఉందని మాత్రం చెప్పండి. 1724లో రాజా జైసింగ్ కట్టించిన ఆ ఖగోళ రాతి యంత్రాల్లో నీడ కదలడం కళ్లారా చూడొచ్చు. మబ్బు పట్టిన రోజు వెళ్తే ఉట్టి గోడల్లా కనిపిస్తాయి, ఎండ కావాలి.

ఆంధ్ర జిల్లాల పిల్లలు బడిలో హిందీ చదువుతారు, మాట్లాడరు. ఆ ఒక్క రోజైనా ఆటో బేరం, టిఫిన్ ఆర్డరు వాళ్ల చేతనే చేయించండి. తప్పు మాట్లాడితే పక్కన నిలబడి నవ్వకండి.

శుక్రవారం మధ్యాహ్నం అక్షర్‌ధామ్ ఆలయం. మూడింటికల్లా చేరితే ప్రదర్శనలు, సాయంత్రం నీటి ప్రదర్శన దాకా సరిపోతుంది. ఇక్కడే ఎక్కువ కుటుంబాలు ఇబ్బంది పడతాయి. లోపలికి ఫోన్లు, సంచులు, ఎలక్ట్రానిక్ వస్తువులేవీ అనుమతించరు. క్లోక్‌రూమ్‌లో అన్నీ ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. తర్వాత తనిఖీ దగ్గర ఆడవాళ్ల లైన్ ఒకటి, మగవాళ్ల లైన్ ఒకటి. తల్లీ కొడుకూ మాత్రమే వెళ్తే అక్కడే విడిపోతారు, చేతిలో ఫోన్ ఉండదు. అందుకని లైన్లోకి వెళ్లే ముందే మూడు పనులు చేయాలి. టోకెన్ ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోవడం, తనిఖీ దాటాక ముందు వెళ్లినవాళ్లు ఎక్కడ నిలబడాలో చెప్పుకోవడం, లోపల తప్పిపోతే ఎన్ని గంటలకు ఏ ద్వారం దగ్గరికి రావాలో అనుకోవడం. చేతికి మామూలు ముళ్ల గడియారం ఉంటే ఆ రోజు పనికొస్తుంది. టికెట్లకు చిల్లర నోట్లు జేబులో ఉండాలి, ఫోన్‌పేకి ఫోన్ ఉండదు కదా.

మెట్రోలో విడిపోవడం ఇంకా సులువు. రాజీవ్ చౌక్‌లో సాయంత్రం ఆరింటికి తలుపు మూసుకుంటే సగం కుటుంబం లోపల, సగం బయట. నియమం ఒకటే పెట్టుకోండి. రైల్లో ఉండిపోయినవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి ప్లాట్‌ఫాం మీదే కదలకుండా నిలబడాలి. మిగిలినవాళ్లు వెనక రైలెక్కి అక్కడికి వస్తారు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురు రైలెక్కితే గంటసేపు దొరకరు. రైలు వెళ్లే దిశలో మొదటి బోగీ ఆడవాళ్లది. తల్లీ కూతురూ అందులో ఎక్కి, తండ్రి వెనక ఎక్కినప్పుడు దిగే స్టేషన్ పేరు ముందే అనుకోవాలి. హోటల్ పేరు, చిరునామా, తల్లిదండ్రుల నంబర్లు, మెట్రో హెల్ప్‌లైన్ 155370, అత్యవసరానికి 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఒక కాగితం మీద రాసి పిల్లల జేబులో పెట్టాలి. ఫోన్ ఉందిగా అనుకోవద్దు, మధ్యాహ్నానికి దాని ఛార్జింగ్ అయిపోతుంది. పవర్ బ్యాంకు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు.

న్యూఢిల్లీ స్టేషన్‌కు రెండు వైపులు. ఒకటో ప్లాట్‌ఫాం వైపు పహాడ్‌గంజ్ హోటళ్లు, 16వ ప్లాట్‌ఫాం వైపు అజ్మీరీ గేట్, మెట్రో. తప్పు వైపు దిగితే సామానుతో వంతెన మొత్తం దాటాలి. బయటికి రాగానే "మీ హోటల్ మూసేశారు, దారి బంద్, వేరే హోటల్ చూపిస్తా" అని ఎవరైనా అంటే ఆగకండి. హోటల్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

చిన్న విషయాలే గానీ చెప్పకపోతే యాత్ర ఆగిపోయేవి రెండున్నాయి. ప్రయాణం కోసం కొత్త బూట్లు కొంటే కనీసం రెండు వారాల ముందు కొని బడికి తొడిగించాలి. పాదం పెరిగే వయసు, బిగుతుగా ఉన్న బూటుతో మొదటి రోజే మడమ బొబ్బలెక్కుతుంది. ఆడపిల్లల నెలసరి తేదీ చూసుకుని ప్యాడ్లు, ముదురు రంగు బట్టలు విడిగా ఒక చిన్న సంచిలో పెట్టి వాళ్ల దగ్గరే ఉంచండి. తండ్రితో మాత్రమే వెళ్తున్న అమ్మాయికి ఈ మాట ఇంట్లో ఉండగానే చెప్పి పంపాలి.

చివరగా మీకూ, మిగతా పత్రికలకూ ఒక విన్నపం. రైల్వే రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. సెలవుల రైళ్లలో బెర్తులు ఎంతోసేపు నిలవవు. తత్కాల్‌ను నమ్ముకుందామంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే అయి ఉండాలి. విహారయాత్రల పేజీ సెలవులు మొదలయ్యే వారంలో వేస్తే చదివి ఆనందించడానికే తప్ప బయల్దేరడానికి పనికిరాదు. దయచేసి దసరా యాత్రల పేజీని శ్రావణంలోనే వేయండి. ప్రతి చోటు పేరు పక్కనా వారపు సెలవు, పిల్లల టికెట్‌కు వయసు పరిమితి, దగ్గరి మెట్రో స్టేషన్ అచ్చువేయండి. ఇరవై చోట్లకు బదులు పది చోట్లు వేసినా ఫరవాలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ